జడ ఎవరు వేశారు

నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో నాకు పేరు. అలాంటిదాన్ని పట్టుకుని ఈ దేశం నాకిచ్చిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి అందించి నా మాట మాత్రం కడుపులో పెట్టుకోవడం. ఇంటర్‌ప్రెటర్ అంటారు. సిడ్నీలో ఆస్పత్రులు, కోర్టులు, ఇన్సూరెన్స్ డాక్టర్ల గదులు తిరిగి తిరిగి, మోకాళ్ళు ఇక చాలన్నాక రిటైరయ్యాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు క్వేకర్స్ హిల్‌లో మా ఇంటికి వస్తుంటారు. రూల్సన్నీ చదువుకునే వస్తారు. కాఫీ తాగుతూ మెల్లగా అసలు సంగతి అడుగుతారు. ఎదుటి మనిషి తన కాళ్ళు తానే నరుక్కుంటుంటే చూస్తూ ఎలా ఊరుకున్నారాంటీ అని. ఎలా ఊరుకున్నానో నాకూ సరిగ్గా తెలీదు. ఒక కేసు చెప్తాను, వినండి. పేర్లు మాత్రం అడక్కండి. పేర్లు బయటపెట్టకూడదన్న రూలుకి రిటైర్మెంట్ లేదు.

కరీంనగర్ వైపు అమ్మాయి. స్కోఫీల్డ్స్‌లో ఉండేది, చైల్డ్‌కేర్‌లో పని. పొద్దున్నే పనికి వెళ్తూ రెడ్ లైట్ దగ్గర ఆగి ఉంటే వెనకనుంచి ఒక యూట్, అదే వెనక తొట్టి ఉన్న బండి, వచ్చి గుద్దింది. కుడి భుజం లోపల ఏదో తెగింది. ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యమైతే భుజం బిగుసుకుపోయి ఇక ఎప్పటికీ లేవదని సర్జన్ చెప్పాడు. చంటిపిల్లల్ని ఎత్తుకునే ఉద్యోగం ఆమెది. చెయ్యి లేవకపోతే ఉద్యోగమూ లేదు.

ఇక్కడ బండి రిజిస్టర్ చేయించే ప్రతివాళ్ళూ ఇన్సూరెన్స్ కట్టి తీరాలి. గ్రీన్ స్లిప్ అంటాం. రోడ్డు మీద దెబ్బ తగిలినవాళ్ళకి వైద్యం, పోయిన జీతం అందులోంచి వస్తాయి. మంచి ఏర్పాటు, నేను కాదనను. ఎంతోమందిని నిలబెట్టడం నా కళ్ళతో చూశాను. చిక్కల్లా ఏమిటంటే నొప్పి ఉందని రుజువు చెయ్యాలి. స్కాన్‌లో తెగినట్టు కనబడుతుంది, కానీ దానివల్ల ఈ మనిషి ఏ పని చేయగలదు, ఏది చేయలేదు అన్నది స్కాన్ చెప్పదు. అందుకని ఆపరేషన్‌కి సరేననే ముందు ఇన్సూరెన్స్ కంపెనీ తన తరఫు డాక్టర్ దగ్గరకి పంపిస్తుంది. ఆమెని మొదటిసారి చూసింది అక్కడే, పారమట్టాలో.

వెయిటింగ్ రూమ్‌లోకి వెళ్ళేసరికి పెళ్ళికి తయారైనట్టు కూర్చుని ఉంది. ఇస్త్రీ చేసిన కొత్త డ్రెస్సు, చేతినిండా గాజులు, నడుము దాకా బిగించి వేసిన జడ, జళ్ళో మల్లెపూలు. పెద్ద డాక్టరు పిలిచాడు, మర్యాదగా వెళ్ళాలి కదా మరి. నలిగిన బట్టలతో, రేగిన జుట్టుతో డాక్టర్ ముందుకెళ్ళడం మన ఆడవాళ్ళకి చేతకాదు. జ్వరమొచ్చినా మొహం కడుక్కుని బొట్టు పెట్టుకుని మరీ వెళ్తాం.

నన్ను చూడగానే ఆమె మొహం విప్పారింది. ఏ ఊరాంటీ అని అడిగింది. తెనాలి దగ్గరమ్మా అని, రెండు కుర్చీలు అవతలికి జరిగి కూర్చుని పాత పత్రిక తిరగేశాను. కేసులో ఉన్న మనిషితో ఒంటరిగా కబుర్లు చెప్పకూడదు మేము. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నా ప్రాణం ఉసూరుమంది. ఊళ్ళో పంపు దగ్గర నిలబడితే గంటలో వీధివీధంతా చుట్టాలు చేసుకునే మనిషిని, అక్కడ చేపల వేట గురించిన పత్రిక చదువుతూ కూర్చున్నాను.

లోపల డాక్టరు తెల్లాయన, పెద్దమనిషే, గట్టిగా కూడా మాట్లాడలేదు. ఎలా ఉన్నావు అన్నాడు. మంచిగున్న సార్ అంది నవ్వుతూ. అదే చెప్పాను. ఇంట్లో వంట ఎవరు చేస్తారు? నేనే సార్. బట్టలు ఎవరు ఉతుకుతారు? నేనే సార్. స్నానం, తల దువ్వుకోవడం, బట్టలు వేసుకోవడం? అన్నీ నేనే చేస్కుంట సార్. చెయ్యి ఎత్తమన్నాడు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. పళ్ళ బిగువున నవ్వు మాత్రం చెక్కుచెదరనివ్వలేదు. పరాయివాళ్ళ ముందు అబ్బా అమ్మా అనడం నామోషీ అనుకుంటూ పెరిగిన పిల్ల.

ఆయన లేచి ఆమె వెనక్కి వెళ్ళాడు. భుజం చూశాడు, మెడ చూశాడు, ఆ తర్వాత జడ చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. కుర్చీలో కూర్చుని రాసుకున్నాడు.

పని ముగించుకుని కార్ పార్క్‌కి వచ్చాను. నా కారుకి నాలుగు కార్ల అవతల ఆమె, భర్త నిలబడి ఉన్నారు. ఆయన బస్సు డ్రైవరు, యూనిఫామ్‌లోనే ఉన్నాడు. పరీక్షలో జడ వదులైనట్టుంది. అతను పూలదండ పళ్ళతో పట్టుకుని, ఆ పొడుగు జుట్టు విప్పి, మళ్ళీ చకచకా అల్లి, తన మణికట్టుకి ఉన్న రబ్బరు బ్యాండు తీసి కొసన వేశాడు. ఆమె తల వంచుకుని అటూ ఇటూ చూస్తోంది, ఎవరన్నా తెలుగువాళ్ళు ఉన్నారేమోనని. తాళంచెవి చేతిలో పట్టుకుని నేను స్తంభం చాటున నిలబడిపోయాను.

అంటే ఆ జడ ఆమె వేసుకున్నది కాదు. వేసుకునే స్థితిలో కూడా లేదు. డాక్టరేమో ఆ జడే చూసి రాసుకున్నాడు.

వెనక్కి పరిగెత్తి, అయ్యా ఆ జడ మొగుడు వేశాడండీ అని చెప్పొచ్చు కదా అంటారు మీరు. అదే నేనూ మా సీనియర్ ఒకావిడతో అన్నాను. అరబిక్ ఇంటర్‌ప్రెటర్ ఆవిడ, లెబనాన్ మనిషి, ఈ పనిలో నాకంటే చాలా ముందునుంచీ ఉంది. రెండు కేసుల మధ్య ఖాళీ దొరికితే స్టేషన్ దగ్గర కాఫీ తాగేవాళ్ళం. ఊరూ పేరూ లేకుండా, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. ఆవిడ కప్పులోంచి తల ఎత్తకుండానే, వాళ్ళు అడగకుండా నువ్వు ఒక్క నిజం చెప్పినా, ఆ తర్వాత నువ్వు చెప్పే ప్రతి మాటా నీదో ఆమెదో వాళ్ళకి తెలీదు, దెబ్బ తగిలేది నీకు కాదు అంది.

ఆవిడ ఊరికే అనలేదు. అప్పట్లో మా భాషవాడే ఒక కుర్రాడు, మంచివాడు, జాలిపడి ఒక ముసలాయనకి చెవిలో ఊదాడు. అలా కాదు తాతగారూ, రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదని కూడా చెప్పండి అని. ఆయనకి నిజంగానే నిద్ర పట్టేది కాదట. కానీ ఆ గుసగుస అవతలివాళ్ళ చెవిన పడింది. ఎవరో నేర్పించి చెప్పించారని రాశారు. ఆ ముసలాయన నిజాలన్నీ ఆ ఒక్క ముక్కతో అబద్ధాలైపోయాయి. కుర్రాడు ఈ పని మానేసి రియల్ ఎస్టేట్‌లోకి పోయాడు, ముసలాయన మాత్రం ఎటూ పోలేకపోయాడు.

కాబట్టి నోరు కుట్టేసుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. కూరలో రెండుసార్లు ఉప్పు వేస్తే, ఏమైంది నీకు అని అడిగారు. ఏమీ లేదన్నాను.

కొన్ని నెలల తర్వాత మమ్మల్ని కేసులకి పంపే ఏజెన్సీ ఫోన్ చేసింది. అదే పేరు. ఇన్సూరెన్స్ వాళ్ళు ఆపరేషన్ కుదరదన్నారట, ఫిజియోథెరపీ కూడా ఆపేశారట. ఆమె రివ్యూ అడిగింది. ఇప్పుడు చూసేది కంపెనీ డాక్టరు కాదు, ఏ పక్షానికీ చెందని వేరే డాక్టరు. ఆ డాక్టరు ఏం రాస్తే అదే ఖాయం. నేను ఇదివరకు ఈమెకి పనిచేశానని ముందే చెప్పాను. మీరు కాకపోతే ఆ రోజుకి ఇంకెవరూ లేరన్నారు. తెలుగు ఇంటర్‌ప్రెటర్లం ఎంతమందిమి గనక.

ఆ పొద్దున ట్రైన్‌లో వెళ్తూ ఉన్న దేవుళ్ళందరికీ మొక్కాను. ఏమని మొక్కాలో తెలియక, ఆ పిల్లకి కాస్త సిగ్గు తగ్గించండి స్వామీ అని మొక్కాను.

డాక్టరు ఈసారి ఆడమనిషి. నెరిసిన పొట్టి జుట్టు, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతూ. అమ్మాయి చిక్కిపోయింది. అయినా సరే, అదే ఇస్త్రీ డ్రెస్సు, అదే బిగువు జడ. పూలు మాత్రం లేవు. డాక్టరు ముందే చెప్పింది, నీ ఆపరేషన్ ఎందుకు కాదన్నారో నీకు చదివి వినిపించడం న్యాయం అని. చదివింది. నేను తెలుగులో చెప్పాను. వెనకనుంచి రెండు చేతులూ తలపైకి ఎత్తి వేసుకోవలసిన జడ శుభ్రంగా, బిగువుగా ఉన్నది. తనే వేసుకుంటానని ఆమె స్వయంగా చెప్పినది. కాబట్టి భుజం ఆమె చెప్పుకున్నంతగా దెబ్బతినలేదు.

ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇన్నాళ్ళూ స్కానేదో తప్పు చూశారని అనుకుందట. తన జడే తనమీద సాక్ష్యం చెప్పిందని అప్పుడే తెలిసింది.

"ఇవాళ నీ జడ ఎవరు వేశారు?" డాక్టరు అడిగింది.

నేను తెలుగులో అడిగాను. ఎంత మామూలుగా అడగాలో అంత మామూలుగా అడిగాను. ఆమె నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. చెప్పవే తల్లీ, చెప్పు అని మనసులో కేకలు పెడుతున్నాను.

"నేనే" అంది.

మేము ఎదుటివాళ్ళ మాట వాళ్ళు అన్నట్టే చెప్పాలి. 'ఆమె వేసుకుందట' అనకూడదు, 'నేనే వేసుకున్నాను' అనాలి. అన్నాను. నా నోటితో నేనే ఆమె ఆపరేషన్ పోగొడుతున్నట్టనిపించింది. ఎందుకే ఇంత మొండితనం అని ఒళ్ళు మండిపోయింది నాకు.

డాక్టరు కోప్పడలేదు. అయితే ఒకసారి విప్పి, మళ్ళీ వేసి చూపిస్తావా, తొందరేం లేదు అంది. అమ్మాయి ఎడమ చేత్తో జడ ముందుకు లాక్కుని విప్పింది. కుడి చెయ్యి ఎత్తింది. చెవి దాకా కూడా రాలేదు. తల వంచి చూసింది, పక్కకి ఒరిగి చూసింది. పైపెదవి మీద చెమట పట్టింది. జుట్టంతా భుజం మీంచి ముందుకు వేసుకుని అల్లబోయింది, అది తాడులా వదులుగా జారిపోయింది. ఇవాళ జర పట్టేసింది మేడం, రోజూ వేసుకుంట అంది. అదీ చెప్పాను. చాలమ్మా, ఇక ఆపు అని డాక్టరు ఆపేసింది. మిగతా పరీక్షలు చేసింది. ఏమనుకుంటోందో ఆ మొహం చూస్తే ఏమీ తెలియలేదు. అయిపోయింది, వెళ్ళొచ్చు అంది.

అమ్మాయి లేవలేదు. జుట్టు విరబోసుకుని ఆ హాల్లో నలుగురి మధ్యనుంచి ఎలా నడుస్తుంది? మన ఇళ్ళల్లో చావు జరిగినప్పుడు తప్ప ఆడది అలా బయటికి రాదు. మా ఆయన్ని జర పిలుస్తరా అని అడిగింది. డాక్టరే లేచి తలుపు తీసి పిలిచింది.

అతను లోపలికి వచ్చాడు. భార్య జుట్టు చూశాడు. ఇంకేమీ చూడలేదు. ప్యాంటు జేబులోంచి దువ్వెన తీశాడు, మణికట్టు మీద రబ్బరు బ్యాండు ఉండనే ఉంది, ఆమె వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. రోజూ చేసే పని కదా, చేతులు వాటంతటవే వెళ్ళిపోయాయి.

"ఇక్కడొద్దు" అంది ఆమె పళ్ళ మధ్యనుంచి.

గదిలో వినబడిన ప్రతి మాటా చెప్పడం నా పని. చెప్పాను. జీవితంలో ఏ మాటనీ అంత సంతోషంగా ఇంగ్లీషులోకి మార్చలేదు.

"ఇక్కడ కాకుంటె ఎక్కడ? జుట్టు విరబోస్కొని రోడ్డు మీదికొస్తవా?" అన్నాడు అతను, పాపిడి తీస్తూ.

అదీ చెప్పాను. డాక్టరు పెన్ను కింద పెట్టి, కళ్ళజోడు పెట్టుకుంది. అతను మూడు పాయలు తీసి అల్లుతుంటే డాక్టరూ నేనూ చూస్తూ కూర్చున్నాం. బస్సు స్టీరింగ్ తిప్పే లావుపాటి వేళ్ళు, ఒక్క వెంట్రుక కూడా లాగకుండా అల్లాయి. కొసన బ్యాండు వేసి, జడ ఆమె భుజం మీదుగా ముందుకు వేసి, తన పని అయిపోయినట్టు పక్కకి జరిగాడు. అచ్చం మొదటి డాక్టరు చూసిన జడే.

ఎన్నాళ్ళనుంచి వేస్తున్నావని డాక్టరు అడిగింది. ఆక్సిడెంట్ అయిన కాడినుంచి నేనే వేస్తున్న మేడం, యూట్యూబ్‌ల చూసి నేర్చుకున్న అన్నాడు. ఇందులో దాచడానికేముందో అతనికి అర్థంకాలేదు. లోపల ఏం జరిగిందో ఆ అమాయకుడికి తెలీదు మరి. ఆమె రెండు చేతుల్లో మొహం దాచుకోబోయింది. కుడి చెయ్యి మొహం దాకా రాలేదు, మొహమే చేతిలోకి వంచింది. డాక్టరు అది కూడా చూసింది.

ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగింది డాక్టరు. నేను కూడా అంతే మెల్లగా అడిగాను.

"మా ఇంట్ల బార్బెక్యూ అయిన రోజు ఈయన నాకు జడ వేస్తుంటె దోస్తులు చూసిన్రు. అన్నా, మా ఆవిడక్కూడా అపాయింట్‌మెంట్ ఇయ్యి అని అందరు నవ్విన్రు. ఈయన కూడ నవ్విండు గాని, ఆ రాత్రి అన్నం తినలే. నా చెయ్యి పోతె పోనీ, ఆయన్ని ఇంకోసారి నవ్వులపాలు చెయ్యొద్దనుకున్న."

ఇంటర్‌ప్రెటర్ గొంతు మారకూడదు. అది కూడా రూలే. 'నా చెయ్యి పోతే పోనీ' అన్న మాట 'నా' అంటూ నా నోటితోనే చెప్పాలి కదా, అక్కడికొచ్చి ఆగిపోయాను. క్షమించండి అని మంచినీళ్ళు తాగి, మొత్తం మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క వదల్లేదు.

అతను భార్యవైపు చూసి, పిచ్చిదానా అన్నాడు. దాన్ని ఇంగ్లీషులోకి ఎలా మార్చానో మాత్రం నన్నడక్కండి. ఉన్నదానికంటే కాస్త మెత్తగా వచ్చి ఉంటుంది.

డాక్టరు చాలాసేపు రాసింది. తల ఎత్తి, ఇక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందిని నువ్వు ఏం చేయలేవు అని అడుగుతాం, నీ పనులు ఎవరు చేస్తున్నారు అని అడగడం మర్చిపోతాం అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

బయటికి వచ్చి లిఫ్ట్ దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాను. నేను ఒక్క మాట తప్పలేదు, నిజం దానంతట అదే కాళ్ళమీద నడిచి గదిలోకి వచ్చింది. అలా ప్రతిసారీ వస్తుందని మాత్రం అనుకోకండి పిల్లలూ. ఆ రోజు ఆ డాక్టరు తొందరపడి ఇంకో కేసుని పిలిచి ఉంటే, ఆమె భర్త దువ్వెన కార్లో మర్చిపోయి ఉంటే, నేను అబద్ధాన్ని చక్కటి ఇంగ్లీషులో అప్పజెప్పి ఇంటికి వచ్చేదాన్ని. ఈ ఏర్పాటులో న్యాయం ఉంది. కానీ అడిగే ఓపిక ఉన్న మనిషి ఎదురైనప్పుడే అది బయటికి వస్తుంది. అడిగినప్పుడు మనవాళ్ళు చెప్పాలి కూడా.

ఆ తర్వాత ఏమైందో నాకు తెలియలేదు. ఈ ఉద్యోగంలో ఉన్న పెద్ద శిక్ష అదే. కథ మధ్యలో లేచి వచ్చేస్తాం, ఫలితం మనకి ఎవరూ చెప్పరు, మనం అడక్కూడదు. అరబిక్ ఆవిడని అడిగితే, నాకు అలాంటి సగం కథలు ఒక జీవితానికి సరిపడా ఉన్నాయి అని నవ్వింది.

రిటైరైన ఏడాది ఒక శనివారం హారిస్ పార్క్‌లో సరుకులకి వెళ్ళాను. షాపు కిటకిటలాడుతోంది. పైఅరలో ఉన్న మినప్పప్పు నాకు అందట్లేదు. నా తల మీదుగా ఒక చెయ్యి వచ్చి ప్యాకెట్ తీసి ఇచ్చింది. కుడి చెయ్యి. ముందు ఆ చెయ్యి చూశాను, ఆ తర్వాత మనిషిని చూశాను.

ఆంటీ అంటూ వాటేసుకుంది. ఈసారి నేను పక్కకి జరగలేదు. ఏ ఊరు, ఎవరి తాలూకు, పిల్లలెందరు, అన్నీ బిల్లు కౌంటర్ దగ్గరకి వెళ్ళేలోపు అడిగేశాను, అన్నేళ్ళ బాకీ కదా. ఆపరేషన్ అయిందట. మళ్ళీ చైల్డ్‌కేర్‌లోనే పని, పిల్లల్ని ఎత్తుకుంటోందట. నా కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

మా ముందూ వెనకా అంతా తెలుగువాళ్ళే. బస్సు డ్రైవరు పప్పుల బస్తా భుజాన వేసుకుని కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె అతనివైపు గడ్డంతో చూపించింది.

"చెయ్యి మంచిగ లేస్తుంది ఆంటీ, జడ ఇప్పుడు నేనే వేస్కోవచ్చు. కాని నేను వేస్కుంటె ఆయన మొఖం మాడుస్తడు. అందుకే ఆయనకే ఇడిచిపెట్టిన."

క్యూలో ఉన్నవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. ఆమె గొంతు తగ్గించలేదు.